ముందు అద్దెకి దిగండి, తర్వాతే అడ్వాన్సు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో ఆదివారం వచ్చే స్థలాల ప్రకటనల పేజీ చూసి ఈ ఉత్తరం రాస్తున్నా. మాది అనంతపురం. బ్యాంకులో హోమ్‌లోన్ ఫైళ్లు చూసే సీట్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను, ఆ అలవాటు కొద్దీ ఆ ప్రకటనలు ఒక్కొక్కటీ చదువుతాను, అప్రూవల్ ఎవరిచ్చారు, నంబర్ వేశారా లేదా అని వెతుకుతాను, చాలావాటిల్లో అది ఉండదు. హైవేకి ఎంత దూరం, బెంగళూరు ఎయిర్‌పోర్టుకి ఎన్ని గంటలు, కియా కార్ల ఫ్యాక్టరీకి ఎన్ని నిమిషాలు, ఇవి మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటాయి. ఆ ప్రకటన చదివేది మన ఊరోళ్లు మాత్రమే కాదు. దాన్ని ఫోన్లో ఫోటో తీసి బెంగళూరులో ఉన్న కొడుక్కో కూతురికో అల్లుడికో వాట్సాప్‌లో పంపిస్తారు, వాళ్లు శనివారం బయల్దేరి వచ్చి ఆదివారం సాయంత్రానికి అడ్వాన్సు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. నా బాధంతా ఆ ఆదివారం సాయంత్రం గురించే.

వేరే రాష్ట్రంలో స్థిరపడి మళ్లీ ఇటు వచ్చేయాలనుకునేవాళ్లు ఇప్పుడు శానా మంది ఉన్నారు. అమ్మానాన్నలకి వయసైపోయిందని కొందరు, ఇంటి నుంచే పని కాబట్టి ఎక్కడుంటే ఏమని కొందరు, బెంగళూరు అద్దెలు కట్టలేక కొందరు. కర్నూలుకి హైదరాబాద్ నుంచి వస్తున్నారు, కడపకి చెన్నై నుంచి, మాకైతే బెంగళూరు, బళ్లారి. ఇంకా తెలుగు అస్సలు చదవలేని వాళ్లు కూడా వస్తున్నారు, పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకి, ఇక్కడి యూనివర్సిటీలకి. పాత దస్తావేజులు చేత్తో రాసిన తెలుగులో ఉంటాయి, అది మనకే సగం అర్థం కాదు, పాపం వాళ్లు పక్కనున్న బ్రోకర్ చదివి చెప్పిందే నమ్ముతారు. ఎవరి కష్టార్జితం వాళ్లకి విలువైనదే కదా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మా పైపోర్షన్లో అద్దెకి ఒక జంట ఉంటున్నారు, ఇద్దరూ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఆ అబ్బాయిది గుంతకల్లు పక్క. ఇక్కడికి మారకముందే, అక్కడ ఉండగానే, హైవే పక్క ఒక వెంచర్లో సైటు చూసుకుని 5 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు, తెల్లకాగితం మీద అగ్రిమెంటు, సాక్షి సంతకం కూడా ఆ మధ్యవర్తి మనిషిదే. "అన్నీ నేను చూసుకుంటా సార్, మీరు రిజిస్ట్రేషన్ రోజుకి వస్తే చాలు" అన్నాడంట. తర్వాత బ్యాంకు వాళ్లు లోన్ ఇవ్వం అన్నారు, ఎందుకో సరిగ్గా చెప్పలేదని ఆ అమ్మాయి కాగితాలన్నీ తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. "ఆంటీ మీరొకసారి చూడండి" అని. సేల్ డీడ్ జిరాక్సు, ప్లాన్ కాగితం రంగు రంగులది, అడంగల్, ఒక ఎఫ్ఎంబీ. ఎఫ్ఎంబీ అంటే సర్వే నంబర్ వారీగా కొలతలతో గీసిన పటం, అడంగల్ అంటే ఆ భూమి ఏ రకం, ఎవరి సాగులో ఉంది అని రెవెన్యూ వాళ్లు రాసే రికార్డు. దాన్ని ఆ రంగుల ప్లాను పక్కన పెట్టి చూస్తే వాళ్ల సైటు వచ్చే మూలలో రెండు వంకర గీతలు పొలం మధ్యలోంచి పోతున్నాయి, అది వంక, అంటే వాగు. రంగుల ప్లానులో సరిగ్గా అక్కడ 30 అడుగుల రోడ్డు, పక్కన పార్కు అని పచ్చగా వేశారు. ఇంక అడంగల్‌లో చూస్తే భూమి అసైన్డ్ అని ఉంది. అంటే డీకేటీ పట్టా. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. ఆ డబ్బు కోసం వాళ్లు ఇప్పటికీ తిరుగుతానే ఉన్నారు.

డీకేటీ అంటే మన రాయలసీమలో చిన్న పిల్లాడికి కూడా తెలుసు, ప్రభుత్వం పేదలకి సాగు చేసుకోమని ఇచ్చిన భూమి. దాన్ని అమ్మకూడదని 1977 లోనే చట్టం ఉంది. 20 ఏళ్లు దాటిన వాటికి పూర్తి హక్కులు ఇస్తామని 2023లో చట్టం మార్చారు, 2024లో ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు మళ్లీ ఆపారు, ఈ మధ్యలో జరిగిన గందరగోళాన్ని అడ్డం పెట్టుకుని "ఇప్పుడు అమ్ముకోవచ్చు సార్, జీవో వచ్చింది" అని చెప్పేవాళ్లు తయారయ్యారు. బెంగళూరు నుంచి వచ్చిన మనిషికి జీవో సంగతి ఏం తెలుస్తాది. అందుకే సర్వే నంబర్ తెలిసిన వెంటనే, ఇంకా స్థలం చూడ్డానికి బండెక్కకముందే, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అని చూసుకోవాలి. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు అన్నీ అందులో ఉంటాయి. భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, వన్‌బీ (ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు) చూసుకోవాలి. ఇవి ఫోన్లోనే చూడొచ్చు, ఆఫీసుకి కూడా పోనక్కర్లేదు.

కర్ణాటక నుంచి వచ్చేవాళ్లలో నేను గమనించింది ఏమంటే వాళ్లకి అక్కడి పద్ధతి బాగా తెలుసు, ఏ ఖాతా, బీ ఖాతా, ఈ-ఖాతా అనే పన్ను రికార్డులు, పహణి అనే భూమి రికార్డు, రిజిస్ట్రేషన్ల కావేరి పోర్టల్ అన్నీ నోటికి వస్తాయి, ఆ ధైర్యంతోనే ఇక్కడ కూడా "ట్యాక్స్ రసీదు ఈయన పేరు మీదే ఉంది కదా" అని సరిపెట్టుకుంటారు. ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు అనేది యజమాని ఎవరు అనేదానికి రుజువు కాదండీ. ఇక్కడ చూడాల్సింది లింకు డాక్యుమెంట్లు, ఒకరి నుంచి ఒకరికి ఎట్లా వచ్చింది అనే గొలుసు, ఎక్కడా తెగకుండా. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా, కనీసం 30 ఏళ్లకి తీయించాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. హిందూపురం, ధర్మవరం, కదిరి పక్క కొనేవాళ్లకి ఇంకో చిక్కు, 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా వేరే అయింది కాబట్టి పాత కాగితాల్లో అనంతపురం జిల్లా అనే ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు కానీ వెతికేటప్పుడు ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కిందికి వస్తుందో చూసి వెతకాలి. కర్నూలు నుంచి విడిపోయిన నంద్యాల వాళ్లకీ ఇదే.

ఈసీలో ఏమీ లేదు కాబట్టి అప్పు లేదు అనుకోవడం కూడా తప్పు. ఒరిజినల్ దస్తావేజు ఎవరి దగ్గరన్నా తాకట్టు పెట్టి, దాన్ని రిజిస్టర్ చేయించకపోతే ఈసీలో రాదు. కాబట్టి జిరాక్సులు చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు, ఒరిజినల్ చేత్తో పట్టుకుని చూడాలి. బ్యాంకు తాకట్లు సెర్సాయ్ అనే తాకట్ల రిజిస్ట్రీలో కొద్దిపాటి ఫీజు కట్టి వెతకొచ్చు, అదీ చేసుకోండి.

ఇప్పుడు చెప్పేది నేను బ్యాంకులో ఉన్నప్పుడు ఎక్కువ ఫైళ్లు ఆగిపోయిన విషయం. ఆడబిడ్డల సంతకం. మన పక్క ఇల్లు, స్థలం అంటే చాలావరకు పెద్దల నుంచి వచ్చిందే ఉంటుంది, నాన్న పోయాక అన్నదమ్ములు పంచుకుని అమ్మేస్తుంటారు. అక్కచెల్లెళ్ల సంగతి అడిగితే "వాళ్లకి పెళ్లిళ్లు చేసి పంపించేశాం, కట్నాలు ఇచ్చేశాం, వాళ్లకేం సంబంధం" అంటారు. సంబంధం ఉంది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ నుంచే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు, 2005లో దేశమంతా ఇచ్చారు, పెళ్లయినా కాకపోయినా. సుప్రీంకోర్టు 2020లో ఇంకా స్పష్టం చేసింది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలనే షరతు కూడా లేదు, కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని. నాన్న వీలునామా రాయకుండా పోతే ఆయన సొంతంగా సంపాదించిన దాంట్లో కూడా కూతుళ్లకి, భార్యకి వాటా ఉంటుంది. ఒక చెల్లెలు ఎక్కడో సోలాపూర్లోనో హుబ్లీలోనో ఉంటుంది, ఆమెని పిలవడం బద్ధకమై, లేదా ఆమెకి వాటా ఇవ్వడం ఇష్టం లేక, ఆమె పేరే లేకుండా కాగితాలు చేస్తారు. పదేళ్లకి ఆమో ఆమె పిల్లలో కోర్టుకి వస్తారు, ఆ హక్కు ఆమెది, రావడంలో తప్పులేదు, కానీ నలిగిపోయేది మధ్యలో కొన్నవాడు. ఊర్లో ఉండేవాళ్లకైతే ఫలానా ఇంటికి ఎంతమంది ఆడపిల్లలో తెలుస్తుంది, బయట నుంచి వచ్చిన మనిషికి ఎవరు చెప్తారు? కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, చనిపోయినవాళ్ల డెత్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఆ వీధిలో పెద్దవాళ్లని ఒకసారి కనుక్కోండి, ఆడబిడ్డలందరూ వచ్చి సేల్ డీడ్‌లో సంతకం పెడితేనే కొనండి. మొహమాట పడొద్దు. ఆ చెల్లెలికి రావాల్సింది వచ్చిందా లేదా అనేది కూడా మీ ఇంటి సుఖానికి సంబంధించిందే అని నా నమ్మకం.

సేల్ డీడ్ లేకుండా ఉత్త జీపీఏ (తన తరఫున పనులు చేయమని యజమాని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) మీద అమ్ముతామంటే వెనక్కి వచ్చేయండి. జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతో ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. యజమాని దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్నాడంటే, మన కడప పక్క ఇది మామూలే, ఆయన తరఫున సంతకం పెట్టే మనిషి జీపీఏ రిజిస్టర్ అయిందా, ఇంకా అమల్లో ఉందా, యజమాని బతికే ఉన్నాడా, వీడియో కాల్‌లోనైనా మాట్లాడి తెలుసుకోవాలి.

డబ్బు విషయానికి వస్తే, మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 60 లక్షల ఇల్లు అనుకోండి, నాలుగున్నర లక్షలు దీనికే పోతుంది. బ్యాంకు 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం, ఆ పైన 75 శాతం, రిజర్వ్ బ్యాంకు పెట్టిన పరిమితి ఇది. కాబట్టి 60 లక్షల ఇంటికి 48 దాకా లోన్ వస్తే 12 లక్షలు మీవి, దానికి రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే పదహారున్నర లక్షలు చేతిలో ఉండాలి, ఇంకా సామాన్ల లారీ, రంగులు, గ్రిల్స్, ఇంట్లో చేరే ఖర్చు వేరే. చాలామంది రిజిస్ట్రేషన్ డబ్బులు కూడా లోన్లో వస్తాయి అనుకుని వచ్చేవారు, నా టేబుల్ ముందు కూర్చుని లెక్క వేసుకున్నాక గానీ తెలిసేది కాదు. పైగా కొంత బ్లాక్‌లో ఇవ్వండి, డాక్యుమెంట్లో తక్కువ రాద్దాం అని అమ్మేవాళ్లు అడుగుతారు. డాక్యుమెంట్లో తక్కువ ఉంటే లోన్ కూడా దాని ప్రకారమే తగ్గుతుంది, క్యాష్ ఇచ్చిందానికి రుజువు ఉండదు, స్థలం ఇల్లు లావాదేవీలో 20 వేలు ఆ పైన నగదుగా తీసుకోకూడదని ఇన్‌కం టాక్స్ చట్టమే చెప్తుంది. ధర 50 లక్షలు గానీ ఆ పైన గానీ అయితే అమ్మేవాళ్లకి ఇచ్చేదాంట్లో 1 శాతం ఆదాయపు పన్నుగా (టీడీఎస్) పట్టుకుని కొనేవాళ్లే కట్టాలి, ఇది మర్చిపోయి తర్వాత నోటీసులు అందుకున్నవాళ్లు ఉన్నారు.

ఉద్యోగం మారి వచ్చేవాళ్లకి ఒక మాట. లోన్ శాంక్షన్ చేయించుకున్నాకే రాజీనామా ఇవ్వండి. కొత్త ఉద్యోగంలో చేరి ఒకటి రెండు జీతాలు తీసుకున్న మనిషికి బ్యాంకు వెంటనే ఇవ్వదు. ఇంటి నుంచి పనిచేసే వాళ్లయితే కంపెనీ నుంచి ఆ మేరకు లెటర్ తీసుకుని పెట్టుకోండి, బెంగళూరు కంపెనీ, అనంతపురం ఇల్లు అంటే బ్యాంకు తప్పకుండా అడుగుతుంది. క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, అందులో ఎప్పుడో మూసేసిన కార్డు బాకీ కనిపిస్తుంటే ముందే సరిచేయించుకోవాలి. అక్కడ ఉన్న ఫ్లాటు అమ్మి ఇక్కడ కొనేవాళ్లు పన్ను మినహాయింపు కోసం గడువులు గుర్తుపెట్టుకోవాలి, అమ్మిన రెండేళ్లలోపు ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలోపు కట్టుకోవాలి, ఉత్త స్థలం కొని వదిలేస్తే ఆ మినహాయింపు రాదు.

ఇంతకీ నేను అసలు చెప్పదలుచుకున్నది, ఈ కాగితాలు ఎన్ని చూసినా తెలియని విషయాలు ఉంటాయి, దానికి ఇక్కడ ఉండి చూడటం తప్ప వేరే దారి లేదు. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. జనవరిలో వచ్చి ట్యాప్ తిప్పి చూస్తే నీళ్లు బాగానే వస్తాయి, మే నెలలో చూడాలి. ఒకే ఊర్లో ఒక కాలనీకి పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయర్) నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లు అందుతాయి, పక్క కాలనీకి పైపులైనే ఉండదు, బోరు వెయ్యి అడుగులు వేసినా ఉప్పు నీళ్లో ఫ్లోరైడ్ నీళ్లో, ఎండాకాలమంతా ట్యాంకర్లు. బ్రోకర్‌ని అడిగితే "నీళ్లకేం కరువు లేదు" అంటాడు. ఆ వీధిలో బిందె పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లని అడగండి, ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, నిరుడు మేలో ట్యాంకర్‌కి ఎంత ఇచ్చారు, ఉన్నది ఉన్నట్టు చెప్తారు.

కరువు సీమలో వరద ఏంటి అనుకుంటారు బయటవాళ్లు. 2022 అక్టోబర్లో నడిమి వంక పొంగి అనంతపురంలో ఎన్ని కాలనీల్లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయో మనమంతా చూశాం. కర్నూలు వాళ్లు 2009 అక్టోబర్ మర్చిపోరు, తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచేశాయి. కడపలో బుగ్గవంక సంగతి అక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు కొత్తగా సున్నం కొట్టిన ఆ ఇంటి గోడ కాదు, చుట్టుపక్కల పాత ఇళ్ల కాంపౌండ్ గోడలు చూడండి. కిటికీ కింద దాకా ఒకే ఎత్తులో మట్టి రంగు చార వీధి పొడుగునా కనిపిస్తే నీళ్లు అంతవరకు వచ్చాయని అర్థం. నాలుగు ఇళ్ల గుమ్మాల ముందు మెట్లు మామూలు కంటే ఎత్తుగా కట్టుకుని ఉంటే ఎందుకు కట్టుకున్నారో అడగండి.

అందుకే ఎవరు వచ్చి సలహా అడిగినా ఒకటే చెప్తున్నా, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అద్దెకి ఉండండప్పా, మీరు కొనాలనుకున్న కాలనీలోనే ఉండండి. అనంతపురంలో ఏడాది అద్దె బెంగళూరులో కొద్ది నెలల అద్దెతో సమానం, అది నష్టం కాదు. ఈలోపు పిల్లల స్కూలు కుదురుకుంటుంది, కర్ణాటక (కేఏ) నంబర్ ఉన్న బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఏపీ నంబర్‌కి మార్చుకోవాలి, దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి, ఆ పనీ అయిపోతుంది. రేట్లు కూడా అర్థమవుతాయి. బెంగళూరులో 30 బై 40 సైటు లెక్క, ఇక్కడ సెంట్ల లెక్క, 30 బై 40 అంటే రెండూ ముప్పావు సెంట్లు, ఇది తెలియక మూడు సెంట్ల రేటు ఇచ్చినవాళ్లు ఉన్నారు. "ఈ ఆదివారం అడ్వాన్సు ఇవ్వకపోతే వేరే పార్టీ తీసేసుకుంటుంది" అంటారు, తీసుకోనీండి. మన ఊర్లో అమ్మకానికి ఇళ్లు ఎప్పుడూ ఉంటాయి.

ఇప్పుడు సంపాదకులుగా మీకు నా మనవి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ అయినా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్ అయినా రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, ప్రకటనలో రెరా నంబర్, వాళ్ల వెబ్‌సైట్ అడ్రస్ కనిపించేలా వేయాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు కూడా. ఆ నంబర్, లేఅవుట్ అప్రూవల్‌కి ఇచ్చే ఎల్పీ నంబర్ లేని వెంచర్ల ప్రకటనలు మీరు తీసుకోవద్దు. పేపర్లో వచ్చిందంటే అంతా సరిగ్గానే ఉంటుందిలే అని మా పైపోర్షన్ జంట లాంటి వాళ్లు నమ్ముతున్నారు, మీ పేపర్ మీద ఉన్న ఆ నమ్మకాన్ని ఇంకొకరు అమ్ముకుంటున్నారు. ప్రకటనల డబ్బు తగ్గుతుందని తెలుసు, అయినా అడుగుతున్నా.

అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) అధికారులకి కూడా మీ పేపర్ ద్వారా చెప్తున్నా. ప్రతి అప్రూవ్డ్ వెంచర్ గేటు దగ్గర ఎల్పీ నంబర్, సర్వే నంబర్లు, వెంచర్ వాళ్లు మీ దగ్గర మార్ట్‌గేజ్‌గా ఉంచిన ప్లాట్ల నంబర్లు తెలుగులో, ఇంగ్లీషులో బోర్డు పెట్టించండి, అప్రూవల్ లేని వెంచర్లో ఆ సంగతి చెప్పే ఎర్ర బోర్డు మీరే పాతండి, పీకేస్తే మళ్లీ పాతండి. మా పైపోర్షన్ వాళ్లు అడ్వాన్సు ఇచ్చిన చోట ఇప్పటికీ తెల్ల సున్నం పూసిన హద్దు రాళ్లు అట్లాగే ఉన్నాయి, పోయిన వారం కూడా రెండు కేఏ నంబర్ కార్లు ఆగి ఉన్నాయని ఆ అబ్బాయి చెప్పాడు. ఏ వెంచరో, ఏ సర్వే నంబరో మీ విలేఖరి వస్తే కాగితాలతో సహా చూపిస్తాం, దయచేసి పంపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
అనంతపురం